శుద్ధి చేయని పదకొండు సెకన్లు

అక్టోబరు 3, ఎక్కిన ఏడు 41

మా చరిత్ర టీచర్ కమలిని మేడమ్ ప్రాజెక్టు చిట్టా రాసుకోవడానికి తలా ఒక కాగితం పుస్తకం ఇచ్చారు. తుంగతో చేసిన కాగితం. గరుకుగా ఉంటుంది, కలాన్ని పట్టి లాగుతుంది. తప్పు రాస్తే సరిచేసే మీట లేదు. కొట్టేయాలి. కొట్టేసింది కూడా కనిపిస్తూనే ఉంటుంది. "నాకు కావలసింది అదే," అన్నారు మేడమ్.

నా అంశం, పోటు వచ్చిన రోజు. నలభై ఒక్క ఏళ్ల క్రితం సముద్రపు లాకులు తెగి పాత ఊరు మునిగింది. దిగువపేటలో అరవై ముగ్గురు పోయారు. మిగిలినవాళ్లు ఈ గట్టు ఎక్కారు. ఆ జ్ఞాపకంగా ఈ నెల 26న ఎక్కుడు రోజు చేస్తాం. ఈసారి గట్టు మీద రాయి నిలబెడుతున్నారు. దాని మీద చెక్కే వాక్యాలను ఊరి కమిటీ మా ప్రాజెక్టుల్లోంచే తీసుకుంటుంది. నా వాక్యం రాతి మీద ఉండవచ్చు!

షరతు ఒక్కటే. మూడు ప్రాథమిక మూలాలు చూపించాలి, అవి పెద్దపెట్టెలో ఉన్నవే అయ్యుండాలి. పెద్దపెట్టె అంటే ఊరి ఉత్తరాలు, ఫొటోలు, రికార్డింగులు అన్నీ దాచిన భాండాగారం. ప్రతి ఇంట్లోనూ పలక మీద తెరుచుకుంటుంది.

"ప్రాథమిక మూలం అంటే ఆ రోజు అక్కడున్న మనిషి నోటి నుంచో చేతి నుంచో వచ్చింది. తర్వాత ఎవరో చెప్పుకున్నది కాదు," అన్నారు మేడమ్.

మూలం. ఎంత మంచి మాట! పైకి అంటుంటే మట్టిలో వేళ్లు పెట్టి వెతుకుతున్నట్టు ఉంది.

సాయంత్రం వెతికాను. 2,140 దొరికాయి. <s>రేపటికల్లా అయిపోతుంది.</s>

అక్టోబరు 5

పై చివరి వాక్యం ఈ రోజు కొట్టేశాను.

పొద్దున్నే ఇంటి కప్పు మీద సోలార్ ప్యానెళ్లకు పట్టిన ఉప్పు తుడిచాను. తుడవకపోతే మధ్యాహ్నానికి కరెంటు ఉండదు, అమ్మ నోరు ఆగదు. తర్వాత బడికి వెళ్లి, ఏరుకున్న పదకొండు మూలాలు మేడమ్‌కు చూపించాను. ఒక చేపల వ్యాపారి ఉత్తరం, ఒక పోలీసు నివేదిక, కొత్తగా కాపురానికి వచ్చిన ఒకామె డైరీ, నాలుగో తరగతి పిల్ల రాసిన వ్యాసం, ఇలాంటివి.

మేడమ్ అన్నీ చదివి కళ్లద్దాలు తీశారు. "మేఖలా, ఇవి పదకొండు కాదు. ఒకటే."

కోపం వచ్చింది. రెండు రోజుల కష్టం! ఇంటికొచ్చి అన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. అన్నిట్లోనూ ఒక చోట ఇలా ఉంది: "ఆనాడు వాతావరణము ప్రశాంతముగా నుండెను. లాకు కాపలాదారు నిద్రించుటచే సైరను మోగలేదు."

పోలీసు రాశాడంటే నమ్ముతాను. నాలుగో తరగతి పిల్ల 'నిద్రించుటచే' అని రాస్తుందా? నేను పదో తరగతి. మాటలంటే ప్రాణం. నేనే ఎప్పుడూ రాయలేదు.

అక్టోబరు 7

పెద్దపెట్టె కార్యాలయంలో భద్రయ్య గారని ఒక పెద్దాయన ఉంటారు. వెళ్లి అడిగాను.

"అన్నిట్లో ఒకే వాక్యం ఎలా వచ్చిందండీ?"

"అదా? శుద్ధి వల్ల వత్తది," అన్నారు, ఇది కూడా తెలీదా అన్నట్టు.

శుద్ధి తెలియకేం! ఒకటో తరగతిలో అక్షరాలకన్నా ముందు నేర్పుతారు. 'ముందు శుద్ధి, తర్వాత బుద్ధి' అని పాట కూడా ఉంది. ఏ దస్తావేజు తెరిచినా బొటనవేలు కింద పచ్చ మీట ఉంటుంది. అది నొక్కి, తర్వాత చదవాలి. నీళ్లలో నానిన కాగితాలు, చెడిపోయిన రికార్డింగులు ఎక్కించిన కాలంలో మొదలైన అలవాటు. చదివేవాళ్లు తలా కొంచెం బాగుచేస్తే వెనక వచ్చేవాళ్లకు ఇబ్బంది ఉండదని. కుండలో నీళ్లు తాగినవాళ్లు మళ్లీ నింపి వెళ్లినట్టు. నొక్కకుండా చదవడం అంటే కాళ్లు కడుక్కోకుండా ఇంట్లోకి రావడమే.

"నొక్కితే లోపల ఏం జరుగుతుందండీ?"

"మరకలుంటే పోతాయి. చిరుగులుంటే పక్క కాయితాల్లో చూసి పూడుత్తది. గొంతు రికార్డయితే ఎనకాల గోల తీసేత్తది. నొక్కిన కొద్దీ నిగ్గు తేలుతుందమ్మా. రోజుకి నలభై నేనే చేత్తాను తెలుసా?" ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"మొదట ఎలా ఉండేదో, అది ఎక్కడుంటుంది?"

"మొదటిదేంటి? అదే ఇది."

"మార్చకముందుది అండీ."

"ఏం పిల్లవమ్మా! ముఖం కడుక్కున్నాక, కడగని ముఖం ఎక్కడ దాచావంటే ఏం చెప్తావు?"

పక్కనున్న వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు.

ఒక్కటి మాత్రం ఉపయోగపడింది. ప్రతి దస్తావేజు అడుగున చిన్న అక్షరాల్లో ఎన్నిసార్లు శుద్ధి అయ్యిందో ఉంటుందట. చూశాను. నాలుగో తరగతి పిల్ల వ్యాసం: 312 సార్లు.

అక్టోబరు 9

తక్కువసార్లు శుద్ధి అయినవి కావాలి. వెతికితే ఎక్కువసార్లు అయినవే ముందు వస్తాయి. ఆ వరుసను తిరగేసే వీలు లేదు. చివరి పుటకు ఒక్కసారిగా దూకే వీలూ లేదు. మొత్తం 107 పుటలు. ఒక్కొక్కటీ తిప్పాలి. మూడు నిమిషాలు తాకకపోతే మళ్లీ ఒకటో పుట.

61వ పుట దగ్గర అమ్మ పిలిచింది. మంచును నీళ్లుగా పట్టే వలల కింది బిందెలు దించాలట.

"ఒక్క నిమిషం అమ్మా."

"నీ ఒక్క నిమిషానికి బిందె పొర్లిపోద్ది. సచ్చిపోయినోళ్ల ఉత్తరాలు ఎక్కడికీ పోవులే, రా."

దించి వచ్చేసరికి ఒకటో పుట.

అక్టోబరు 10

88. కరెంటు పోయింది. ప్యానెళ్లు సరిగా తుడవలేదట. తుడిచింది నేనే.

అక్టోబరు 12

94. చెల్లి పలక లాక్కుంది. చెల్లిని కొట్టాను. అమ్మ నన్ను కొట్టింది. ఒకటో పుట.

అక్టోబరు 13

ఈ రోజు బడిలో ఒకడు కునికిపాట్లు పడుతుంటే వెనక నుంచి ఎవరో "లస్కరు నిద్ర!" అన్నారు. అందరం నవ్వాం. మా ఊళ్లో అది సామెత. లస్కరు అంటే లాకుల దగ్గర తలుపులెత్తి దించే మనిషి. నేనూ నవ్వాను. ముందు బెంచీలో రూతు మాత్రం తల వంచుకుని గీతలు గీస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ లస్కరు రూతు వాళ్ల తాత. పేరు దానియేలు. ఇప్పటికీ ఉన్నాడు.

బడి అయ్యాక రూతు వెంట నడిచాను.

"నీ ప్రాజెక్టు దేని మీదో తెలుసులే," అంది, నా వైపు చూడకుండా. "రాతి మీద కూడా రాయిత్తావా, మా తాత నిద్రపోయాడని?"

"నేను నిజం వెతుకుతున్నాను రూతూ."

"పెద్దపెట్టెలోనా? మా నాన్న ఇరవై ఏళ్లు ఎతికాడు. ఎన్నిసార్లు తెరిచినా అదే మాట. ఎనభై నాలుగేళ్లు తాతకి. చచ్చేలోపు రాతి మీద కూడా చూసుకుంటాడు, ఇంకేం కావాలి."

వాళ్ల ఇంటి మెట్ల మీద దానియేలు తాత వల అల్లుతున్నాడు. దారిన పోతున్న ఒకాయన "ఏం లస్కరూ, నిద్ర బాగా పట్టిందా?" అన్నాడు. తాత తలెత్తి చిరునవ్వు నవ్వి చెయ్యి ఊపాడు.

"కోపం రాదా?" అన్నాను.

"వినపడదు. ఎక్కినప్పటి నించీ చెవుడు. ఏదన్నా చెప్పాలంటే చెవిలో అరవాలి."

"ఆయన ఏమంటాడు? నిద్రపోయానంటాడా?"

"మోగించానంటాడు. ఎవరు నమ్ముతారు? కమిటీ వాళ్లు ఒకసారి అన్నారు, అదీ నీ మాటేగా దానియేలూ, పెట్టెలో ఉందా అని."

ఇంటికి వచ్చి మళ్లీ ఒకటో పుట నుంచి మొదలుపెట్టాను. ఈసారి బిందెలు ముందే దించాను.

అక్టోబరు 16

జరిగింది జరిగినట్టు, వరుసగా రాస్తాను.

మధ్యాహ్నం బడికి సెలవు. 107వ పుటకు చేరాను. చివర్లో ఉన్నవన్నీ ఎవరూ పట్టించుకోనివి. పాత ఊరి రొయ్యల చెరువుల వాళ్లు రోజూ నీళ్లలో ఉప్పు ఎంతుందో కొలిచి, ఫోనులో ఒకరికొకరు గొంతుతో చెప్పుకునేవారు. ఆ గొంతు ముక్కలు. అంగళ్ల వాళ్ల బేరాలు. ఇంటి కబుర్లు. శుద్ధి రెండుసార్లు, నాలుగుసార్లు, ఒకసారి.

అన్నిటికన్నా కింద ఒకటి: 'సత్తిరాజు, ఉప్పు లెక్క, పోటు రోజు, గురువారం, మధ్యాహ్నం 2:10.' శుద్ధి: 0.

సున్నా! నలభై ఒక్క ఏళ్లలో ఒక్కరూ తెరవలేదు.

తెరిచాను. చెరువు గట్టు మీద గాలి. కాకులు. ఒక మగ గొంతు: "ఆరో చెరువు పద్దెనిమిది. ఏడో చెరువు..." ఆ గొంతు వెనక నుంచి ఒక మోత. ఎక్కడో దూరంగా మొదలై, పైకి లేచి, ఇంకా పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ లేచింది. గట్టు మీద ఇప్పుడున్న సైరను మోతే. కాకపోతే ఇంకా బొంగురుగా ఉంది. మోగింది. దానియేలు తాత మోగించాడు!

అప్పటికే నా బొటనవేలు కిందికి వెళ్లిపోయింది.

నేను నొక్కలేదు. వేలు నొక్కింది. పదేళ్లుగా, తెరిచిన ప్రతిసారీ, నొక్కి నొక్కి దానికే తెలుసు. ఇంత ఆలస్యం చేసినందుకు అదే సిగ్గుపడినట్టు చటుక్కున నొక్కేసింది.

రికార్డింగు 0:11 దగ్గర ఆగింది. పచ్చగా మెరిసింది. మళ్లీ మొదటి నుంచి వచ్చింది. గాలి లేదు, కాకులు లేవు. మోత లేదు. సత్తిరాజు గొంతు ఒక్కటే, గాజు గ్లాసులో పెట్టినట్టు శుభ్రంగా. శుద్ధి: 1.

అడుగున ఒక పలకరింపు కూడా వచ్చింది: 'వెనుక వచ్చేవారి తరఫున ధన్యవాదాలు.'

అక్టోబరు 17

భద్రయ్య గారి దగ్గరికి పరిగెత్తాను. వెనక్కి తీసుకురావచ్చా అని అడిగాను.

"కడిగిన నీళ్లు మళ్లీ చేతికొత్తాయా అమ్మా?" అన్నారు. ఈసారి ఆయన నవ్వలేదు. నా ముఖం అలా ఉందేమో.

ఇంకేమీ రాయాలని లేదు.

అక్టోబరు 18

రూతుకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. మేడమ్‌కు చెప్పాను, ఏడుస్తూ. ఉన్న ఒక్క సాక్షినీ నా చేత్తో నేనే చంపానన్నాను.

"విన్నది రాసుకున్నావా?" అన్నారు మేడమ్.

"రాశాను. ఆ రోజే."

"గంట, నిమిషం?"

"అన్నీ. కానీ అది నా మాట. కమిటీ ఒప్పుకోదు."

"ఒప్పుకోకపోవచ్చు. నువ్వు మాత్రం పుట చించకు." మళ్లీ అన్నారు, "మోత పోయింది సరే. దాంతోపాటు ఏం పోలేదో చూశావా?"

అర్థం కాలేదు. ఓదార్చడానికి ఏదో అంటున్నారనుకున్నాను. పెద్దవాళ్లు ఓదార్చేటప్పుడు ఇలాంటి మాటలే అంటారు, చిరాకేస్తుంది.

అక్టోబరు 21

అర్థమైంది!

మూడు రోజులుగా సత్తిరాజు ముక్క వింటూనే ఉన్నాను, నాకు నేనే శిక్ష వేసుకున్నట్టు. ఈ రోజు ఎన్నోసారో తెలియదు, పక్క గదిలోంచి అమ్మ కేకేసింది: "ఎవరే ఆ మడిసి? ఎందుకట్టా అరుత్తాడు?"

నిజమే. ఎందుకు అరుస్తున్నాడు?

"ఆరో చెరువు పద్దెనిమిది" అన్నప్పుడు మామూలు గొంతే. ఏడో చెరువుకు వచ్చేసరికి గొంతు పెరిగింది. ఎనిమిదో చెరువు అరుపే. చివర్న, "ఆగండెహె, నాకే వినపడట్లా, మళ్లీ చెప్తా!" అంటాడు. వెనక చీమ చిటుక్కుమనడం లేదు. అంత నిశ్శబ్దంలో ఎవరికి వినపడలేదు?

శుద్ధి మోతను తీసేసింది. మోత మీద మనుషులు వేసిన కేకను తీయలేదు. కేక మనిషిది కదా, అది గోల కాదనుకుంది.

107వ పుటకు మళ్లీ వెళ్లాను. మధ్యలో రెండుసార్లు ఒకటో పుటకు వచ్చి పడ్డాను. చేతిబొటనవేలికి గుడ్డ చుట్టుకున్నాను, మీట మీదికి పోకుండా. అదే రోజు, మధ్యాహ్నం 2:10 నుంచి 2:26 లోపు ముక్కలు ఏడు దొరికాయి. ఊళ్లో ఏడు చోట్ల. ఒక అంగడాయన బేరం ఆపి, "ఏంటి? గట్టిగా చెప్పు!" అంటాడు. ఒక ముసలామె ఒకే మాట మూడుసార్లు చెప్తుంది. ఒకామె తలుపులు వేసి వస్తానంటుంది. ఏడుగురూ నిశ్శబ్దంలో నిలబడి అరుస్తున్నారు. 2:26 తర్వాత ముక్కలు లేవు. అది నీళ్లు వచ్చిన నిమిషం.

2:10కి ముందువి తొమ్మిది విన్నాను. అందరూ మామూలుగానే మాట్లాడుతున్నారు.

చీకటి పడేలోపు రూతు ఇంటికి పరిగెత్తి చెప్పాను, నా వేలు చేసిన పనితో సహా. రూతు మొదట నన్ను తిట్టింది. రాయకూడని తిట్లు. తర్వాత ఏడు ముక్కలూ రెండుసార్లు వింది.

"ఇది సాలుద్దా?" అంది.

తెలియదన్నాను.

అక్టోబరు 24

కమిటీ ముందుకు వెళ్లాం. అధ్యక్షురాలు తిరుపతమ్మ గారు. డెబ్బై రెండేళ్లుంటాయి, ఊళ్లో అందరికీ భయం. పక్కన భద్రయ్య గారు. మా వెనక మేడమ్, రూతు.

చిట్టాలో 16వ తేదీ పుట చదివాను. భద్రయ్య గారు తల అడ్డంగా ఊపారు. "పిల్ల ఏదో విన్నాననుకుంది. పెట్టెలో లేదు కదండీ."

ఏడు ముక్కలూ వరుసగా వినిపించాను. రెండోది మొదలవగానే భద్రయ్య గారి బొటనవేలు పలక మీదికి వచ్చింది. నా చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన ఉలిక్కిపడి తన వేలిని తానే చూసుకున్నారు.

ఐదోది మెరకవీధి, 14వ ఇల్లు. ఆడమనిషి, చిన్న వయసు గొంతు. అవతలి మనిషి మాట లేదు, ఈమెదే ఉంది. "ఏంట్రా? వినపడట్లా! ఏంటి? ఉండు, తలుపులేసి వత్తా."

"మళ్లీ పెట్టు," అన్నారు తిరుపతమ్మ గారు.

పెట్టాను.

"అది నేనే," అన్నారు. ఇంకోసారి పెట్టమని వేలితో సైగ చేశారు. మూడోసారి అయ్యాక ఎవరినో అడుగుతున్నట్టు అన్నారు, "తలుపులెందుకు ఏశాను?"

భద్రయ్య గారు మెల్లిగా, "ఎండకేమో నండీ."

"ఎండకి తలుపులేసుకుని, ఫోనులో గొంతు చించుకుంటారా భద్రయ్యా?"

ఆమె కళ్లు మూసుకున్నారు. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతు రికార్డింగులో గొంతులా ఉంది.

"గురువారం. గురువారం గురువారం పరీక్ష మోత మోగించేవోడు దానియేలు. చెవులు చిల్లులు పడేవి. అందరం తిట్టేవోళ్లం. ఆ రోజు ఎంతకీ ఆపట్లేదు. ఈడికేం పుట్టిందీ అనుకుని తలుపులేశాను." పలక వైపు చూసి, "అవతల మా తమ్ముడు. దిగువపేట నించి. ఏం చెప్పాడో వినపడలా."

రూతు ఏడుస్తోంది, చప్పుడు లేకుండా.

రాతి మీద ఏం రాయాలో నేను నాలుగు వాక్యాలు తయారుచేసుకుని వెళ్లాను. మంచి మాటలు, వారం రోజులు ఏరుకున్నవి. తిరుపతమ్మ గారు వాటిని పక్కన పెట్టి, తానే రెండు చెప్పారు. నా చేతే రాయించారు:

"సైరను పదహారు నిమిషాలు మోగింది. మేము తలుపులు వేసుకున్నాము."

"మేము అనే ఉండాలా అండీ?" అన్నారు భద్రయ్య గారు.

"చెక్కేవోడు ఆ మాట మారిత్తే నేను మళ్లీ చెక్కిత్తాను," అన్నారు ఆమె.

అక్టోబరు 25

రూతు నన్ను ఇంటికి తీసుకెళ్లింది. "నువ్వే చెప్పు. నేను చెప్తే ఏడుపొచ్చి మాట రాదు."

దానియేలు తాత మెట్ల మీదే ఉన్నాడు, వల ఒళ్లో పెట్టుకుని. పక్కన కూర్చుని చెప్పాను.

"ఏంటమ్మా?" అన్నాడు.

చెవి దగ్గరికి వెళ్లి చెప్పాను.

"వినపడట్లా. గట్టిగా చెప్పు."

ఆ ఏడు ముక్కల్లో విన్న మాటే. లేచి నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను. "మీరు మోగించారు తాతా! పదహారు నిమిషాలు! రాతి మీద రాస్తున్నారు!"

ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆ పక్కది కూడా. నిద్ర పట్టిందా అని అడిగినాయన గుమ్మంలో నిలబడిపోయాడు.

తాత నన్ను చూశాడు, వీధిని చూశాడు. వల పక్కన పెట్టాడు.

"నాకెందుకమ్మా చెప్తావు, నాకు తెలుసుగా," అన్నాడు, చెవిటివాళ్ల పెద్ద గొంతుతో. "అటు తిరిగి చెప్పు."

అటు తిరిగాను.